అసలూ నకలూ: రవివర్మ మీద వచ్చిన సినిమా గురించి నాలుగు మాటలు

(సాహిత్య వేదిక మీద చేసిన ప్రసంగ పాఠం)

  నిర్వాహకులు నాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. ఆ తరువాత భోజనాలు. గుత్తి వంకాయ వాసన నాకూ వస్తోంది కాబట్టి, టైము దాటను.

నేను బొమ్మలు వేసేవాణ్ణి కాను, సినిమా విమర్శకుణ్ణీ కాను. ఇంజనీరింగు చదువుకుని, ఇరవై ఏళ్ళ పైగా చికాగో దగ్గర సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నవాణ్ణి. అయినా చిత్రకారుల జీవితాల మీద వచ్చిన సినిమాలంటే నాకు ఇష్టం. వాన్ గో మీద 1956లో వచ్చిన 'లస్ట్ ఫర్ లైఫ్' దగ్గర్నుంచి, ఫ్రీడా కాలో మీద 2002లో వచ్చిన 'ఫ్రీడా' దాకా దొరికినవి దొరికినట్టు చూశాను. వాటన్నిటిలోకీ మనకు బాగా దగ్గరది, మనవాళ్ళు బాగా తక్కువమంది చూసినది ఒకటుంది. కేతన్ మెహతా తీసిన హిందీ సినిమా 'రంగ్ రసియా'. రాజా రవివర్మ కథ. ఈ పూట దాని గురించి, దాన్ని మించి అది ఎక్కువ చెప్పకుండా దాటేసిన ఒక విషయం గురించి మాట్లాడతాను.

రవివర్మ పేరు తెలియని తెలుగువాడు ఉండడు. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చినవాళ్ళు 'పిల్ల రవివర్మ బొమ్మలా ఉంది' అన్నారంటే ఇక కట్నాల సంగతి మాట్లాడుకోవడమే మిగిలిందని అర్థం. సినిమా కవులు సైతం నాయిక అందాన్ని కొలవడానికి ఆయన పేరే వాడుకున్నారు. అయితే ఆయన ఎవరు, ఏ ఊరు, ఎలా బతికాడు అని అడిగితే మనలో చాలామందిమి ఆగిపోతాం. అందుకని ముందు ఆ నాలుగు ముక్కలూ చెబుతాను.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న, ఇప్పటి కేరళలోని కిళిమానూరులో పుట్టాడు. మేనమామ బొమ్మలు వేసేవాడు. పిల్లవాడి చేతిలోని పని కనిపెట్టి, పద్నాలుగో ఏట తిరువనంతపురం తీసుకెళ్ళి మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆశ్రయంలో పెట్టాడు. అప్పట్లో తైలవర్ణాలు, అంటే ఆయిల్ పెయింటింగు, మనకు కొత్త విద్య. ఆస్థానంలో అది తెలిసిన రామస్వామి నాయకర్ నేర్పనన్నాడు. 1868లో థియొడోర్ జెన్సన్ అనే యూరప్ చిత్రకారుడు వచ్చాడు. ఆయనా నేర్పలేదు, తను వేస్తుంటే పక్కన నిలబడి చూడమన్నాడు. నాయకర్ దగ్గర పనిచేసే ఆర్ముగం పిళ్ళై అనే అతను రాత్రిపూట రహస్యంగా వచ్చి కొన్ని మెళకువలు చెప్పాడని అంటారు. ఆ రకంగా చూసి నేర్చినది, దొంగచాటుగా విన్నది కలుపుకుని సొంతంగా సాధన చేశాడు. 1873లో మద్రాసులో గవర్నరు బంగారు పతకం వచ్చింది. అదే ఏడు వియన్నా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. అప్పటికి వయసు పాతికేళ్ళు.

తరువాత సంస్థానాధీశులు పిలిచి బొమ్మలు వేయించుకున్నారు. 1888లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ పురాణ ఘట్టాల మీద పద్నాలుగు చిత్రాలు కావాలన్నాడు. నలుడు, దమయంతి, శకుంతల, సీత, ద్రౌపది వీళ్ళంతా ఏ దుస్తుల్లో ఉండాలి? ఏ ప్రాంతపు చీర కట్టాలి? దాని కోసం రవివర్మ, తమ్ముడు రాజరాజవర్మ కలిసి దేశం తిరిగారు. తమ్ముడు కూడా మంచి చిత్రకారుడు, ఇంగ్లీషులో డైరీ రాసేవాడు. ఈరోజు రవివర్మ రోజువారీ జీవితం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ డైరీ పుణ్యమే. సినిమాలో తమ్ముడికి దక్కిన చోటు తక్కువ. వెనక నిలబడి పనిచేసినవాళ్ళకి అలాగే జరుగుతుంది, ఆఫీసుల్లో మనకు తెలియని సంగతి కాదు.

ఇక సినిమా సంగతి. మరాఠీ నవలాకారుడు రంజిత్ దేశాయ్ రవివర్మ మీద రాసిన నవల దీనికి ఆధారం. రణ్‌దీప్ హుడా రవివర్మగా, నందనా సేన్ సుగంధగా, పరేశ్ రావల్ వ్యాపారి గోవర్ధన్ దాస్‌గా వేశారు. 2008లో లండన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించిన ఈ సినిమా మన దేశంలో థియేటర్లకు వచ్చేసరికి 2014 నవంబరు అయింది. అభ్యంతరాలకు గురైన చిత్రకారుడి మీద తీసిన సినిమాకి అభ్యంతరాలు ఎదురై ఆరేళ్ళు ఆగడం విచిత్రమే. ఈలోగా 2010లో ఇదే మనిషి మీద మలయాళంలో లెనిన్ రాజేంద్రన్ 'మకరమంజు' తీశారు. అందులో ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు సంతోష్ శివన్ రవివర్మగా నటించారు. మన పాత హీరోయిన్ రాధ గారి అమ్మాయి కార్తీక అందులో నాయిక. రెండూ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే సినిమాలు కావని ముందే చెబుతున్నాను, తరువాత నన్ను అనుకోకండి.

'రంగ్ రసియా' కథంతా ఒక కోర్టు చుట్టూ తిరుగుతుంది. దేవతలను అర్ధనగ్నంగా గీశాడని, జనం మనసు గాయపరిచాడని రవివర్మను బోనెక్కిస్తారు. ఆయన తన కథ చెప్పుకొస్తాడు. మధ్యలో సుగంధ వస్తుంది. ఆమె ముఖం లక్ష్మి అవుతుంది, సరస్వతి అవుతుంది, ఆమె ఒళ్ళు ఊర్వశి అవుతుంది. ప్రేమ, ఎడబాటు, అవమానం, విషాదం. ఇదంతా నవలకూ సినిమాకూ కావలసిన పద్ధతిలో అల్లిన కథ. దాన్ని చరిత్ర పుస్తకంగా చదవకూడదు, సినిమాగానే చూడాలి. రంగులు, వెలుగు, పాత బొంబాయి వాతావరణం కంటికి నిండుగా ఉంటాయి. హుడా బాగా చేశాడు. కోర్టులో వినిపించే వాదం కూడా మంచిదే. కళాకారుడికి తన ఊహ మీద తనకు హక్కు ఉండాలి అన్నదానితో నాకు పేచీ లేదు.

నా పేచీ ఇంకోచోట ఉంది. చిత్రకారుడి మీద సినిమా అనగానే దర్శకులకు మూడే మూడు కనిపిస్తాయి. ఒక కాన్వాసు, దాని ముందు ఒక స్త్రీ, దాని వెనక ఒక పిచ్చి. వాన్ గో అయినా, పొల్లాక్ అయినా ఇదే లెక్క. ప్రపంచంలో ఒకే ఒక్క ప్రతి ఉన్న అసలు బొమ్మ, దాన్ని కన్న ఒంటరి మేధావి. రవివర్మను కూడా ఆ మూసలోనే పోశారు. కానీ రవివర్మ జీవితంలో పెద్ద పని ఏ ఒక్క కాన్వాసూ కాదు. ఆయన తన బొమ్మలకు నకళ్ళు తీయించాడు. వేలకు వేలు అచ్చువేయించి బజారులో పెట్టాడు. మన ఇళ్ళలోకి వచ్చింది ఆ నకలే. మహారాజుల కోసం వేసిన అసలు బొమ్మలు ఇప్పటికీ ఎక్కువగా రాజభవనాల్లో, మ్యూజియంలలో ఉన్నాయి. మనలో ఎందరు వాటిని కళ్ళారా చూశాం?

సినిమాలో ప్రెస్సు లేదని నేను అనడం లేదు. ఉంది. జర్మన్ నిపుణుడు ఉన్నాడు, కుర్రవాడైన ఫాల్కే కూడా కనిపిస్తాడు. కానీ కథ అక్కడ కాసేపు నిలబడి మళ్ళీ సుగంధ గదిలోకి, కోర్టులోకి వెళ్ళిపోతుంది. నేనేమో ఆ ప్రెస్సులోనే ఇంకొంచెంసేపు ఉండాలనుకున్నాను. ఇంజనీరు బుద్ధి అనుకోండి.

ఆ ఆలోచనకు బీజం వేసింది సర్ టి. మాధవరావు. తిరువాన్కూరుకు, తరువాత బరోడాకు దివానుగా చేసిన మనిషి. 1884 ప్రాంతంలో ఆయన రవివర్మకు ఒక ఉత్తరం రాశాడు. మీ బొమ్మలు కావాలని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీకున్నవి రెండే చేతులు, అందరికీ ఎక్కడ వేసిస్తారు, కొన్ని మంచివి ఏరి యూరప్ పంపి అచ్చు తీయించండి అన్నది దాని సారాంశం. పదేళ్ళ తరువాత రవివర్మ ఇంకో అడుగు ముందుకేశాడు. యూరప్ పంపడమెందుకు, యంత్రాలనే ఇక్కడికి తెప్పిద్దామన్నాడు. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు. యంత్రాలు, నిపుణులు జర్మనీ నుంచి వచ్చారు. మొదట అచ్చైన బొమ్మ శకుంతల జననం.

ఆ అచ్చు ఎలా వేసేవాళ్ళో ఒక్క నిమిషంలో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తేనే ఆ పని ఎంత పెద్దదో తెలుస్తుంది. దీన్ని శిలాముద్రణ అంటారు, లితోగ్రఫీ. నున్నగా అరగదీసిన సున్నపురాయి పలక మీద జిడ్డుగా ఉండే మసితో బొమ్మ గీస్తారు. రాయిని తడుపుతారు. జిడ్డు ఉన్నచోట నీళ్ళు నిలవవు, మిగతా చోట నిలుస్తాయి. అప్పుడు నూనెతో కలిపిన రంగు రాస్తే, తడి ఉన్నచోట అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుతుంది. నూనె, నీరు కలవవన్న ఒక్క సూత్రం మీద ఈ విద్య అంతా నిలబడింది. కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ దిగుతుంది.

అది ఒక రంగుకే. ఎరుపుకు ఒక రాయి, పసుపుకు ఒక రాయి, లేత గులాబీకి ఒకటి, ముదురు గోధుమకు ఒకటి. అలా ఒక్క లక్ష్మీదేవి బొమ్మకు పది, పన్నెండు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రాళ్ళు. అసలు బొమ్మను కంటితో చూసి, ఈ బుగ్గ మీది వన్నెలో ఏయే రంగులు ఎంతెంత ఉన్నాయో మనసులో విడదీసి, ఒక్కో రంగునూ ఒక్కో రాయి మీద, అదీ కుడిఎడమలు తారుమారుగా గీయాలి. తరువాత అదే కాగితాన్ని వరసగా అన్ని రాళ్ళ మీదా ఒత్తాలి. ఒక్కసారి వెంట్రుకవాసి పక్కకు జరిగినా దేవి పెదవి మీది ఎరుపు చెంప మీదికి వస్తుంది. చివర్న వార్నిష్ పూసి, కాన్వాసు గుడ్డ నేత కనిపించేలా నొక్కితే తైలవర్ణ చిత్రంలా మెరుస్తుంది. అందుకే దాన్ని ఓలియోగ్రాఫ్ అన్నారు. ఇప్పుడు మన ఇంట్లో ప్రింటరు నాలుగు రంగులతో అరనిమిషంలో చేసేదాన్ని, అప్పుడు మనుషులు కళ్ళతో, చేతులతో, రాళ్ళతో చేశారు. ఆ రాళ్ళ మీద గీసినవాళ్ళ పేర్లు ఆ బొమ్మల మీద లేవు. పేరు లేని పని చేసేవాళ్ళం కాబట్టి నాకు వాళ్ళ మీద ఒక అభిమానం.

ఈ ప్రెస్సు రవివర్మకు సుఖం ఇవ్వలేదు. అప్పులు, భాగస్వామితో చిక్కులు. బొంబాయిలో ప్లేగు. 1899లో ప్రెస్సును లోనావలా దగ్గరి మలవలీకి మార్చారు. అయినా గిట్టుబాటు కాక, ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ళలోనే తన దగ్గర పనిచేసిన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైఖర్‌కు అమ్మేశాడు. ష్లైఖర్ దాన్ని లాభాల్లోకి తెచ్చాడు. దాదాసాహెబ్ ఫాల్కే ఆ ప్రెస్సుకు పనిచేసి, తరువాత 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీశాడు. మన పౌరాణిక చిత్రాల్లో లక్ష్మీదేవి పద్మం మీద నిలబడినప్పుడల్లా నాకు ఆ ప్రెస్సే గుర్తొస్తుంది. 1906 అక్టోబరు 2న రవివర్మ పోయాడు. 1972లో ప్రెస్సు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఇన్ని మలుపులున్న కథ ఇంకేం కావాలి సినిమాకి? ప్రేమకథ లేకపోయినా నడిచేదేమో!

ఇక్కడ చికాగోవాళ్ళకు ఒక మాట. 1893 అనగానే మనందరికీ వివేకానందుడు గుర్తొస్తాడు. సెప్టెంబరు 11న ఆయన మాట్లాడిన సర్వమత సభ, ఆ ఏడు జరిగిన ప్రపంచ ప్రదర్శనలో భాగం. అదే ప్రదర్శనకు రవివర్మ కూడా పది చిత్రాలు పంపాడు. అన్నీ మన దేశంలోని వేరువేరు ప్రాంతాల స్త్రీల బొమ్మలు. వాటికి అక్కడ బహుమతి వచ్చింది. ఊరి నుంచి ఎవరొచ్చినా మిషిగన్ ఎవెన్యూ మీద వివేకానందుడి పేరు పెట్టిన బోర్డు చూపించి ఫొటో తీస్తాం కదా, ఈసారి ఈ సంగతి కూడా చెప్పండి. స్వామీజీ మాట, మన ఆడవాళ్ళ ముఖాలు ఒకే ఏడు, ఒకే ఊరికి వచ్చాయి. మరుసటి ఏడే రవివర్మ ప్రెస్సు మొదలైంది.

ఇదంతా నాకు పుస్తకాల విషయంగానే ఉండేది, కిందటేడు దాకా. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఇల్లు అమ్మేసి అమ్మను తమ్ముడి దగ్గరికి హైదరాబాదు తీసుకెళ్ళాల్సి వచ్చింది. మూడు వారాల సెలవు పెట్టి వెళ్ళాను. ఇల్లు ఖాళీ చేయడం ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. దేవుడి గదిలో గోడ మీద, మసిపట్టిన చెక్క ఫ్రేములో లక్ష్మీదేవి. తామరపువ్వు మీద నిలబడి, పక్కన ఏనుగు. చీర అంచు వెంబడి ఎవరో చమ్కీలు అంటించారు, సగం రాలిపోయాయి. అద్దం తుడిచి చూస్తే కింది అంచున సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. రవివర్మ ప్రెస్, కార్లా, లోనావలా.

"ఇది ఎప్పటిదమ్మా?" అన్నాను.

"మీ నాయనమ్మ కాపరానికి వచ్చినప్పటికే ఉందంటరా. ఆ చమ్కీలు ఆవిడ అంటించినవే," అంది అమ్మ. కాసేపాగి తనే అంది. "మన పొలంలో కూలికొచ్చే ముసలావిడ ఇంట్లో కూడా ఇదే లక్ష్మి ఉండేది, తెలుసా? ఆవిడకి జొరమొస్తే చూట్టానికి వెళ్ళాను, నేను కొత్తకోడల్ని. మట్టిగోడకి ఇదే బొమ్మ, అచ్చు ఇదే. మన గడప దాటనిచ్చేవాళ్ళు కాదుగా ఆవిణ్ణి. వసారాలోనే కూర్చునేది. గుడి మెట్లు కూడా ఎక్కేది కాదు. చట్టమొచ్చిందని ఎవరో చెప్పినా ఎక్కేది కాదు. నాకు మా లచ్చిందేవి ఇంట్లోనే ఉందమ్మా అనేది."

అమ్మ ఇంకేమీ అనలేదు, గిన్నెలు సర్దుకోవడంలో పడింది. నేను మాత్రం ఆ ఫ్రేము పట్టుకుని అలాగే కూర్చున్నాను.

తారీఖులు చూడండి. రవివర్మ ప్రెస్సు 1894. ఆయన పుట్టిన తిరువాన్కూరులో అన్ని కులాల హిందువులకూ గుళ్ళు తెరుస్తూ మహారాజు ప్రకటన చేసింది 1936 నవంబరు 12న. మన కోస్తా జిల్లాలు అప్పుడున్న మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. గుడి తలుపు తెరుచుకోవడానికి నలభై ఏళ్ళు, యాభై ఏళ్ళు ముందే, బజారులో దొరికే కాగితం మీద దేవుడు ఎవరింటికైనా వెళ్ళిపోయాడు. ఆ కాగితాన్ని కొనడానికి కులం అడిగినవాడు లేడు. రవివర్మ సంఘ సంస్కర్త అని నేను అనను. ఆయన రాచరికంతో చుట్టరికం ఉన్నవాడు, ప్రెస్సు పెట్టింది వ్యాపారానికి. అయినా తను చేసిన పని తను అనుకున్నదానికంటే దూరం వెళ్ళింది. విద్య నేర్పమంటే కాదన్నవాళ్ళ మధ్య పెరిగిన మనిషి, రాజుల గోడ మీద మాత్రమే ఉండాల్సిన బొమ్మను మట్టిగోడ దాకా పంపాడు. చిత్రకారుడి జీవితంలో ఇంతకంటే పెద్ద ఘట్టం ఏముంటుంది?

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. ఆ బొమ్మను అమెరికా తెచ్చాను, మా ఫ్యామిలీ రూములో పెట్టాం. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. దాన్ని చాలాసేపు చూసి, "హూ ఈజ్ షీ, నాన్నా?" అంది. లక్ష్మీదేవి అన్నాను. "అది తెలుసు. బొమ్మ కోసం కూర్చున్న ఆవిడ ఎవరు? ఇన్ని కాపీలు వేస్తామని ఆవిడకి చెప్పారా?" అంది. ఇంకొక ప్రశ్న కూడా వేసింది. "లక్ష్మి ఎప్పుడూ ఇంత తెల్లగా ఎందుకుంటుంది?"

ఈ రెండు ప్రశ్నల్లో మొదటిదాని దగ్గర సినిమాకు నేను దణ్ణం పెడతాను. 'రంగ్ రసియా'లో బలమైన విషయం కోర్టు వాదం కాదు, సుగంధ. రవివర్మ ఆమెను దేవతను చేశానంటాడు. ఆమె రూపం నకళ్ళుగా వీధిలోకి వచ్చాక జనం ఆమెను వీధిమనిషిని చేస్తారు. కీర్తి ఆయనది, అవమానం ఆమెది. కళాకారుడి హక్కు గురించి అంత వాదించిన కోర్టులో, ఆమె హక్కు గురించి గట్టిగా అడిగే లాయరు లేడు. సుగంధ కల్పన అయితే కావచ్చు, ఆ ప్రశ్న మాత్రం కల్పన కాదు. ఒక ఫొటో చేయిజారితే క్షణంలో వెయ్యి ఫోన్లలోకి వెళ్ళే ఈ రోజుల్లో, ఆడపిల్లల తల్లిదండ్రులుగా మనకు ఆ ప్రశ్న బాగా తెలుసు. నకలుకు దయ ఉంది, క్రూరత్వమూ ఉంది. ముసలావిడ ఇంటికి లక్ష్మిని తీసుకెళ్ళినదీ అదే, సుగంధను బజారుకెక్కించినదీ అదే. ఈ రెండూ ఒకే సినిమాలో పక్కపక్కన నిలబెట్టి ఉంటే అది చాలా పెద్ద సినిమా అయ్యేది.

రెండో ప్రశ్నకు కూడా జవాబు నకలులోనే ఉంది. రవివర్మకు ముందు మనకు దేవుళ్ళ రూపాలు ఊరికొక తీరుగా ఉండేవి. శ్రీకాళహస్తి కలంకారీలో సీత ఒకలా ఉంటుంది, చేర్యాల నకాషీ పటంలో ఇంకోలా ఉంటుంది, తంజావూరు పటంలో కృష్ణుడు మరోలా ఉంటాడు. ఒకే లక్ష్మి వేలవేల ఇళ్ళకు వెళ్ళేసరికి, లక్ష్మి అంటే ఆ ముఖమే, ఆ చీరే, ఆ మేని రంగే అన్నట్టు స్థిరపడింది. ఈ పోకడ మీద ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది. ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత లాంటివాళ్ళు ఇది యూరప్ పద్ధతి, మన చిత్రకళ కాదు అన్నారు. బెంగాల్ చిత్రకారులు వేరే దారి పట్టారు. అందులో న్యాయం ఉంది. అయితే ఆ విమర్శకులు మెచ్చిన బొమ్మలు మా ఊరి మట్టిగోడ దాకా రాలేదు. అది కూడా లెక్కలో వేసుకోవాలి. మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఒప్పుకోలేదు. వాదించుకుంటూనే ఉన్నాం. ఇంట్లో రవివర్మ గురించి వాదన జరుగుతోందంటే నాకు సంతోషమే.

ముగించే ముందు ఒక చివరి సంగతి. 1979లో భారత ప్రభుత్వం రవివర్మ చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించింది. అప్పటినుంచి దేశంలో ఉన్న ఆయన అసలు చిత్రాలను విదేశాలకు అమ్మడానికి గానీ ఎగుమతి చేయడానికి గానీ వీల్లేదు. మంచి చట్టమే. అంటే అసలు అక్కడే ఉంటుంది, సముద్రం దాటి మనతో వచ్చింది నకలే. మన మొదటి అపార్టుమెంటులో, క్లోజెట్ అరలో పెట్టుకున్న దేవుడి పటం ఏదో గుర్తు తెచ్చుకోండి. లక్ష్మో, సరస్వతో అయితే అది చాలావరకు రవివర్మ గీతకు మనుమరాలో, మునిమనుమరాలో అయ్యుంటుంది. మనం కూడా కొంత అలాంటివాళ్ళమే. అసలు ఊరు అక్కడ ఉంది, దాని నకలు ఒకటి ఇక్కడ కట్టుకుని బతుకుతున్నాం. పిల్లలు దానికి చమ్కీలు అంటిస్తారో, ప్రశ్నలు వేస్తారో వాళ్ళిష్టం.

నేను అడిగేవి రెండే. ఒకటి, పిల్లలు నిద్రపోయాక మీ దంపతులిద్దరూ 'రంగ్ రసియా' చూడండి. ప్రేమకథ చూస్తున్నప్పుడు ప్రెస్సు మీద కూడా ఒక కన్ను వేయండి. రెండోది ముఖ్యం. మన తరంలో చాలామందిమి ఊళ్ళో ఇళ్ళు ఖాళీ చేస్తున్నాం. బంగారం, దస్తావేజులు చూసుకుంటాం, పాత పటాలు ఎవరికో ఇచ్చేస్తాం, లేదా గుడి దగ్గర చెట్టు కింద పెట్టి వచ్చేస్తాం. ఈసారి పెట్టేముందు అద్దం తుడిచి, కింది అంచు చదవండి. ఆ ప్రెస్సు పేరు కనిపిస్తే దాచండి. కనిపించకపోయినా, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఒక్క మాట అడగండి. ఈ బొమ్మ ఎక్కడిది, ఎవరు కొన్నారు, ఇంకెవరి ఇంట్లో ఉండేది అని. బొమ్మ కంటే ఆ జవాబు విలువైనది కావచ్చు. దానికి మాత్రం నకలు ఉండదు.

 ఇక భోజనాలకు పదండి.